నేను గెలిచిన ఓవెన్

మా వంటగదిలో మిక్సీ పక్కన ఒక ఓవెన్ ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళు దాన్ని చూసి "కేకులు కూడా చేస్తారా మీరు" అని అడుగుతారు. పోటీలో వచ్చిందని చెబితే ఎట్లా గెలిచారని అడుగుతారు. అందుకని కాఫీ తాగుతారా అని మాట మార్చేస్తుంటాను.

తిరుపతిలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక తమిళనాడులో నేను పుట్టిన ఊరు గుడియాత్తానికి వచ్చేశాను. తమ్ముడి ఇంటి పక్క వాటాలో ఉంటున్నాను. వేలూరులో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు, తమ పత్రికా రచన విభాగంలో పిల్లలకు వార్త రాయడం నేర్పమని పిలిచారు. వారానికి రెండు రోజులు బస్సులో వెళ్ళి వస్తాను. కే.వి.కుప్పం, లత్తేరి, కాట్పాడి మీదుగా గంట పైన పడుతుంది.

ఆ బస్సులోనే ఆ అమ్మాయి పరిచయమైంది. మా విభాగంలోనే పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ళ నాన్న మేస్త్రి, ఇళ్ళు కడతాడు. మాలాగే ఎన్నో తరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆమెకు తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. నా పేరు అచ్చయిన పాత పేజీ ఒకసారి బస్సులో చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నీ గుండ్రంగానే ఉండాయి. ఇందులో మీ పేరు యాడుండాది పెద్దమ్మా" అని నవ్వింది. వాళ్ళమ్మ నన్ను అక్కా అంటుంది కాబట్టి ఈమెకు పెద్దమ్మనయ్యాను. యూనివర్సిటీ గేటు దాటాక మాత్రం అందరిలాగే మేడమ్ అనేది. సాయంత్రం బస్సెక్కగానే మళ్ళీ పెద్దమ్మ.

నాకు అక్షరాలు వచ్చాయంటే మేనమామ చిత్తూరులో ఉండి నన్ను చదివించబట్టి. పత్రికలో చేరిన కొత్తలో నా నోటి నుంచి "ఉండాది" అని వస్తే చాలు, పక్క సీటాయన "ఉండాదీ" అని సాగదీసేవాడు. కొన్నాళ్ళకు ఆఫీసుకొక తెలుగు, ఇంటికొక తెలుగు అలవాటయ్యాయి. బస్సులో మేమిద్దరం మాట్లాడుకునేది ఇంటి తెలుగు. వారంలో ఆ రెండు రోజుల ప్రయాణాల కోసం నేను ఎదురుచూసేదాన్ని.

ఓవెన్ సంగతికి వస్తే, అది మా విభాగంలో చదివి పైకొచ్చిన ఒక పాత విద్యార్థి పంపింది. లెక్చరర్లు మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం వేడి చేసుకుంటారని అతని ఉద్దేశం. తీరా చూస్తే అది కేకులు, బిస్కెట్లు చేసే రకం. మా హెడ్ ఒకరోజు అందులో ప్లాస్టిక్ డబ్బాతో సాంబారు సాదం పెట్టి తిప్పాడు. ఆ వాసన స్టాఫ్ రూములో రెండు రోజులు పోలేదు. ఇక ఇది మనకొద్దని, దీన్నే బహుమతిగా పెట్టి విభాగంలో సరదాగా కేకుల పోటీ జరిపేద్దామని ఆయనకే తోచింది. ఎవరి కేకు వాళ్ళే చేసి ఉండాలి, అంతే నిబంధన. పేర్లు చాలక నా దగ్గరికొచ్చి, "సుమ్మా పేరు కుడుంగ మేడమ్, ఫ్రెండ్లీ దానే" అన్నాడు. ఊరికే పేరివ్వండి, స్నేహంగా జరిగేదే కదా అని. ఇచ్చాను.

ఆ ఓవెన్ మీద ఆ అమ్మాయి మనసు పడిందని నాకు బాగా తెలుసు. ఆమె కేకులు ప్రెషర్ కుక్కర్లో చేస్తుంది. అడుగున ఇసుక పోసి, విజిలూ రబ్బరూ తీసేసి, ఇసుక మీద గిన్నె పెట్టి సన్నమంట మీద ఉంచుతుంది. ఇసుక వాళ్ళ నాన్న పని జరిగే చోటు నుంచి తెచ్చి జల్లించి ఇస్తాడు. వీధిలో పిల్లల పుట్టినరోజులకు ఈమె కేకే కావాలంటారు.

"కుక్కర్లో ఒకటే పట్టాది పెద్దమ్మా. అదీ ఇంతే గిన్నె," అని బస్సులో చేతులతో చూపించింది. "మా వీధిలో పిలకాయలంతా ఒగే వారంలో పుట్టినారు. లేదు లేదని చెప్పి చెప్పి నా నోరు నొస్తా ఉండాది. ఓవెన్ వస్తే రెండు ట్రేలు ఒగేసారి పెట్టేస్తా. పీహెచ్‌డీ ముగిసి ఉద్యోగం దొరికేదాకా ఇదే నాకు ఉద్యోగం."

"నేనూ పేరిచ్చినానే," అన్నాను.

"మీరా? కేకంటే తీపిగా ఉంటాదని తెలుసు గదా?"

"నాది లెక్కలోకి రాదులే. బల్ల ఖాళీగా కనపడకూడదని నన్ను పెట్టుకున్నారు."

"అట్లయితే మీరు చేసింది ముందు నాకు చూపించండి. మనుషులు తినేదో కాదో చూస్తా," అంది. కండక్టరు కూడా నవ్వాడు. అతనికీ తెలుగు వచ్చు.

పోటీ రోజు సెమినార్ హాల్లో గోడ వెంబడి బల్లలు వేశారు. నేను బొంబాయి రవ్వ, పెరుగు కలిపి, తమ్ముడి కూతురు ఫోన్లో చెబుతుంటే కుక్కర్లోనే ఒకటి చేసుకొచ్చాను. నడిమధ్యలో గుంట పడింది. తీపి సరిపోలేదని కోశాక తెలిసింది. నా బల్ల తలుపు దగ్గర. ఆ అమ్మాయిది అవతలి చివర, కిటికీ కింద. తాటిబెల్లం, కొబ్బరిపాలు పోసి చేసింది. అందరికంటే ముందు నా నోట్లో ఒక ముక్క పెట్టింది. నేను ఆ రుచి గురించి ఏమీ రాయను. ఆ రోజు అక్కడ దానికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

అదే రోజు ఎవరిదో వైవాకు ఆంధ్రా నుంచి ఒక ప్రొఫెసర్ పరీక్షకుడిగా వచ్చి ఉన్నాడు. ఏ పక్షమూ లేనివాడని మా హెడ్ ఆయన్నే జడ్జిగా నిలబెట్టాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. నా బల్ల దగ్గరికొచ్చి నేను తెలుగుదాన్నని తెలుసుకుని సంతోషపడ్డాడు. మా పత్రిక ఆదివారం పేజీలు చదివేవాడట. "నాకు షుగరుందండీ. గోరంత చాలు," అని నా కేకు చిదిమి నోట్లో వేసుకుని, "తీపి తక్కువ వేశారు, బతికించారు," అన్నాడు. మేమిద్దరం కాసేపు పత్రికల గురించి మాట్లాడుకున్నాం. ఆఫీసు తెలుగులో. తర్వాత ఆయన ఒక్కో బల్లా దాటుకుంటూ వెళ్ళాడు.

కిటికీ దగ్గర జరిగింది నాకు కనపడింది గానీ వినపడలేదు. ఆయన వంగి ఏదో అడిగాడు. ఆమె ముఖమంతా వెలిగిపోతూ ఒక మాట చెప్పింది. ఆయన చెయ్యెత్తి ఆశీర్వదించినట్టుగా ఏదో అని, ముందుకు కదిలాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. ఓవెన్ ఆమెకే వస్తుందని స్థిమితంగా కూర్చున్నాను.

నా పేరు చదివారు.

వేళాకోళమనుకున్నాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఆ అమ్మాయి కూడా. అమ్మ చేతి వంటలా ఉందని, ఒంటికి మేలు చేసే తిండి అని ఆయన మైకులో రెండు ముక్కలు మాట్లాడాడు. లేచి ఇది తప్పు అని చెప్పడానికి, జరిగిన తప్పేమిటో అప్పటికి నాకే తెలియదు. జడ్జికి నచ్చింది, అంతే అనుకుని నమస్కారం పెట్టాను.

ప్రొఫెసర్‌ను కాట్పాడి స్టేషన్లో దింపడానికి విభాగం కారు వెళ్తోంది. నన్నూ అందులో ఎక్కించారు, కాట్పాడిలో బస్సు పట్టుకోవచ్చని. ఓవెన్ పెట్టె కారు దాకా మోసుకొచ్చింది ఆ అమ్మాయే.

"పదిలం పెద్దమ్మా, లోపల అద్దముండాది," అంది. యూనివర్సిటీ లోపల ఆమె నన్ను పెద్దమ్మా అనడం అదే మొదటిసారి. నా ముఖం చూసి ఓదార్పుగా అందేమో. "సార్ నాది ముట్టుకోలేదు. షుగరంట. ఐనా 'మంచి పని చేశావమ్మా' అన్నాడు. అదే చాలు."

కారు వేలూరు దాటి పాలారు వంతెన ఎక్కింది. పెట్టె నా ఒళ్ళోనే ఉంది. ముందు సీట్లోంచి ప్రొఫెసర్ వెనక్కి తిరిగి, "కిటికీ దగ్గర నిలబడ్డ ఆ అమ్మాయి నిజాయితీ నాకు నచ్చిందండీ," అన్నాడు. "తనదీ తెలుగేనట. నాకు షుగరు, నీ కేకు ఎలా ఉంటుందమ్మా అని అడిగాను. ఇంకొకరైతే ఒక ముక్క తినిపించేవాళ్ళు. ఆ పిల్ల మొహమాటం లేకుండా 'ప్రమాదం సార్' అని చెప్పేసింది. నవ్వుతూ చెప్పింది. మంచి పని చేశావని చెప్పి ముట్టుకోకుండా వచ్చేశాను."

నాకు వెంటనే అర్థమైంది. మా వైపు ప్రమాదమంటే బ్రహ్మాండమని. తమిళంలో అంతే, ఆ తమిళంలోంచి మా ఇళ్ళలోకి అట్లాగే వచ్చేసింది. పెళ్ళి భోజనం ప్రమాదం, పట్టుచీర ప్రమాదం, పాట ప్రమాదం. నేనూ ఇంట్లో అంటాను. ఆఫీసు తెలుగులో ఆ మాటతో రోడ్డు ప్రమాదాల వార్తలకు ఎన్ని శీర్షికలు పెట్టానో చెప్పలేను.

ఆయనకు చెప్పాను. "అయ్యయ్యో," అన్నాడు. తర్వాత, "చాలా ఆసక్తికరమైన సంగతండీ ఇది. దీని మీద ఒక వ్యాసమే రాయొచ్చు," అన్నాడు. నేను ఒళ్ళోని పెట్టె వైపు చూశాను. అప్పుడు తగ్గి, "ఫలితం ప్రకటించేశాం కదా. ఇప్పుడు ఫోన్ చేసి మారిస్తే బాగుంటుందా? మీరే చెప్పండి," అని అడిగాడు. స్టేషన్ వచ్చేసింది. నేను చూసుకుంటానని చెప్పాను.

చూసుకోవడమంటే ఏమిటో నాకు తెలియలేదు. పెట్టె విప్పకుండా మంచం కింద పెట్టాను. మరుసటి వారం విభాగంలో కనపడ్డవాళ్ళంతా రెసిపీ అడిగారు. "మేడమ్ దగ్గర ఇంకా ఏమేమి విద్యలున్నాయో," అని ఒకావిడ తమిళంలో అంటే సిగ్గుతో తల దించుకున్నాను. అది వినయమనుకుని ఆవిడ ఇంకాస్త పొగిడింది.

ఆదివారం ఆటోలో పెట్టె వేసుకుని గుడియాత్తంలోనే ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఏమక్కా, దోవ మర్సి వచ్చినావా మా ఇంటికి," అని చేట పక్కన పెట్టి లేచింది. వాళ్ళ నాన్న కుర్చీ తెచ్చి వేశాడు. అమ్మాయి లోపల్నుంచి వచ్చి పెట్టెను చూసి నిలబడిపోయింది.

"ఇది నీకే తల్లీ. నేను దీన్ని ఏం చేసుకునేది," అన్నాను.

"మీ తమ్ముని పిల్లకు ఇయ్యండి పెద్దమ్మా. మేము ఊరికే ఎట్ల తీసుకునేది," అంది. కంఠం మామూలుగానే ఉంది. చూపు మాత్రం పెట్టె మీద నుంచి కదల్లేదు.

ఊరికే కాదు, ఇది నిజంగా నీదే అన్నాను. ఎట్లా నాదవుతుందంది. నిజం చెప్తే తీసుకుంటుందని, మనసూ తేలికవుతుందని అనుకున్నాను. ప్రొఫెసర్ కారులో అన్నది అన్నట్టుగా చెప్పాను.

వాళ్ళమ్మ పడి పడి నవ్వింది. "ప్రమాదమంటే డేంజరా ఆడ? మీ నాయన నన్ను చూసేదానికి వచ్చినప్పుడు మా అన్నతో పిల్ల ప్రమాదంగా ఉండాదన్నాడంటనే."

"తెలిసే అన్నాను," అన్నాడు ఆయన గోడకానుకుని. "మీ అన్నే తప్పుగా అర్థం చేసుకున్నాడు."

నేనూ నవ్వాను. అమ్మాయి నవ్వలేదు.

"మంచి పని చేసినావన్నాడే సారు."

"ముందే హెచ్చరించినావని అట్లన్నాడు."

"అంటే నేనే చెప్పి ఆయన్ని తిననీకుండా చేసుకున్నా," అంది. "అమ్మతో, నాయనతో, మీతో మాట్లాడే మాటే అది. మనోళ్ళు గదా అని తెలుగులో చెప్పినా. తమిళంలో చెప్పుంటే ఇంకొకరు తెలుగు చేసి ఆయనకు చెప్పుంటారు."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. నాకు ఆమెను ఓదార్చాలనిపించింది. ఓదార్చడం నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. "నీ ఒక్కదానికే కాదమ్మా. ఇట్లాంటి మాటలు చానా ఉండాయి. సంసారమంటే మనకు పెండ్లాం, ఆడ కుటుంబమంతా. సుమారంటే మనకు అంతంతమాత్రం, ఆడ రమారమి..." క్లాసులో లాగా వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయాను. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లకు తప్పులు చూపించేటప్పుడు నా గొంతు ఎట్లా ఉండేదో అట్లాగే ఉందని నాకే వినపడింది. అయినా ఇంకో మాట చెప్పాను.

"ఇంకా ఎన్నుండాయి?" అని అడిగింది. తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న కాదది. "బస్సులో నేను మాట్లాడేటప్పుడంతా ఇట్లనే తప్పులు ఎంచుకుంటా ఉంటిరా?"

"ఏమే, పెద్దమ్మతో అట్లనా మాట్లాడేది," అని తల్లి కసిరింది.

లేదన్నాను. పూర్తిగా నిజం కాదు. నా చెవికి ఆ పని అలవాటు. మెచ్చుకుంటూ వింటున్నప్పుడు కూడా అది ఎంచుతూనే ఉంటుంది. ఆమె నా ముఖంలో దాన్ని చదివిందనుకుంటాను.

ఓవెన్ మాత్రం తీసుకోలేదు. "నేను తీసుకుంటే డిపార్ట్‌మెంటులో ఎందుకిచ్చినారని అడుగుతారు. ఏం చెప్పేది? నాకు తెలుగు రాదని ఓడిపోయినానని చెప్పేదా?" అంది. నీకు తెలుగు రాకపోవడమేమిటి అనబోయాను. అప్పుడే వేళ్ళు మడిచి చూపించినదాన్ని, ఏ ముఖంతో అంటాను. చివరికి ఆమే, ఫరవాలేదన్నట్టు, "పరవాయిల్ల మేడమ్. మీరు గెలిచినది మీ దగ్గరే ఉండనీండి," అని కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. కాఫీ వాళ్ళమ్మ తెచ్చింది.

పెట్టెను వాళ్ళ నాన్న మళ్ళీ ఆటో దాకా మోశాడు. "తప్పుగా ఎంచుకోవద్దక్కా," అన్నాడు నెమ్మదిగా. "పిల్ల శానా ఆశ పెట్టుకోనుండె దీని మీద."

మంగళవారం బస్సులో నాకు చోటిచ్చి జరిగింది. "ఉక్కారుంగ మేడమ్," అంది, కూర్చోండని. నేను తెలుగులో పలకరిస్తే తమిళంలో జవాబు చెప్పింది. అలిగినట్టు లేదు. అమ్మ బాగుందా అంటే బాగుందని, థీసిస్ ఎంతవరకొచ్చిందంటే మూడో అధ్యాయమని, అన్నీ ఒద్దికగా చెప్పింది. కండక్టరుతో తెలుగులోనే మాట్లాడింది. శుక్రవారమూ అంతే. ఆ తర్వాతి వారాలూ అంతే. నేను మాత్రం పట్టుదలగా తెలుగులోనే మాట్లాడుతూ వచ్చాను. ఒక్కోసారి ఏదైనా మాట నోటి దాకా వచ్చాక, ఇది ఇంటి తెలుగా ఆఫీసు తెలుగా అని తడబడి ఆగిపోయేదాన్ని.

కొన్ని నెలలకు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. మేస్త్రి కే.వి.కుప్పంలో కట్టిన ఇంటికి గృహప్రవేశమట. ఇంటివాళ్ళు పిల్ల చేతి కేకులే కావాలన్నారట, అదీ పెద్దవి. కుక్కరుతో అయ్యే పని కాదు. "మాట పోకూడదక్కా. ఒగ దినం నీ ఇంట్లో ఆ పెట్టెలో చేసుకోమంటావా," అని అడిగింది. రమ్మన్నాను. మంచం కింద నుంచి ఓవెన్ బయటికి తీసి, తుడిచి, ఇప్పుడున్న చోట పెట్టింది ఆ రోజే.

ఆ అమ్మాయి పిండి, బెల్లం, గిన్నెలు, చివరికి చేతులు తుడుచుకునే గుడ్డ కూడా తనే తెచ్చుకుంది. నన్ను ఏదీ అడగకుండా ఉండాలని అన్నీ ఆలోచించి తెచ్చుకున్నట్టుంది. ఓవెన్ ఎట్లా తిప్పాలో నాకంటే ఆమెకే బాగా తెలుసు. పెద్ద కేకులు కాబట్టి ముందు ఒక ట్రే లోపల పెట్టి, అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తోంది. కేకు పొంగుతుంటే ఆమె ముఖంలోకి వచ్చిన సంతోషాన్ని నేను గుమ్మం దగ్గర నుంచి చూసి, చూసినట్టు తెలియకూడదని పక్కకు తప్పుకున్నాను.

మొదటిది దించి రెండోది పెట్టేసరికి వాళ్ళమ్మ ఫోన్. "ఆఁ మా, ఒగటి అయింది. పొంగిందిమా, యాడా చీలలేదు. రెండో ట్రే ఇప్పుడే పెట్టినా. నాయన్ని బండి తీసుకోని రమ్మను," అని గలగలా మాట్లాడింది. ఆ తెలుగు విని ఎన్నాళ్ళయిందో అనిపించింది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, తమిళంలో, తాగడానికి కొంచెం నీళ్ళిస్తారా మేడమ్ అని అడిగింది.

ఇచ్చాను.

చీకటి పడకముందే పని ముగించింది. ట్రేలు కడిగి, లోపలంతా తుడిచి, వేడి పోయేదాకా తలుపు ఓరగా పెట్టింది. ఒక చిన్న కేకు విడిగా తీసి ప్లేటులో పెట్టి మూత వేసింది. అది నాకట. ఇవన్నీ ఎందుకు మోసుకొచ్చావు, ఓవెన్ ఇక్కడే ఉంటుంది, ఎప్పుడు కావాలన్నా వచ్చి చేసుకోమని చెప్పాలనుకున్నాను. చెప్పాను కూడా. చెప్పడం అయ్యాక గమనించాను, మొత్తం తమిళంలోనే చెప్పాను.

"సరి మేడమ్," అని తలూపి, అట్టపెట్టెలు రెండు చేతులా పట్టుకుని, వాళ్ళ నాన్న బండి కోసం వాకిట్లోకి వెళ్ళి నిలబడింది.